పెద్దపేగు, పురీషనాళ శస్త్రచికిత్స – కోలుకోవడాన్ని నిర్ణయించే అంశాలు

మలంలో రక్తం కనబడితే మన ఇళ్ళలో మొదట వినబడే మాట ‘మొలలు’. వేడి చేసిందని మజ్జిగ తాగడం, నాటుమందు పూయడం, ఎవరికీ చెప్పకుండా నెలలు గడపడం సర్వసాధారణం. ఆ రక్తం చాలాసార్లు మొలలదే కావచ్చు. కాని కొందరిలో అది పెద్దపేగు లేదా పురీషనాళపు క్యాన్సరుకు తొలి సూచన. ఆ సూచనను గుర్తించిన రోజుకూ, శస్త్రచికిత్స జరిగిన రోజుకూ మధ్య గడచిన కాలమే రోగి భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ శస్త్రచికిత్స స్వభావమేమిటి, ఒకరు వారంలో ఇంటికి చేరగా మరొకరు నెలల తరబడి మంచానికి అంటిపెట్టుకొని ఉండటానికి కారణాలేమిటి అన్న విషయాలను క్రమంగా పరిశీలిద్దాం.

అవయవ పరిచయం

పెద్దపేగు, పురీషనాళం కలిపి సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటాయి. చిన్నపేగు ముగిసే చోట, కుడివైపు పొత్తికడుపులో ఆరంభమై, పైకి వెళ్ళి, అడ్డంగా సాగి, ఎడమవైపు దిగి, ఆంగ్ల అక్షరం ‘ఎస్’ ఆకారంలో వంపు తిరిగి పురీషనాళంలో కలుస్తుంది. ఈ వంపునే సిగ్మాయిడ్ అంటారు. చివరి 15 సెంటీమీటర్ల మేర ఉండేది పురీషనాళం. నీటిని, లవణాలను పీల్చుకోవడం, మలాన్ని నిలువ ఉంచి సమయానికి విసర్జించడం వీటి పని. ఈ మార్గంలో సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. అందుచేతనే ఇక్కడ చేసే శస్త్రచికిత్సలో చీము పట్టే అవకాశం ఇతర శస్త్రచికిత్సలకన్న ఎక్కువ.

ఎప్పుడు అవసరమవుతుంది?

క్యాన్సరు, క్యాన్సరుగా మారగల పెద్ద పిలకలు, మందులకు లొంగని అల్సరేటివ్ కోలైటిస్, క్రోన్స్ వ్యాధి, పేగు గోడలో ఏర్పడిన తిత్తులు పగలడం, సిగ్మాయిడ్ మెలిపడటం, పురీషనాళం బయటికి జారడం ముఖ్య కారణాలు. మన దేశంలో పేగు క్షయ వల్ల చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట దారి మూసుకుపోయి శస్త్రచికిత్స అవసరమయ్యేవారు కూడా ఉన్నారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో పెద్దపేగు క్యాన్సరు తక్కువే. అయితే మన ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో పిన్నవయస్కులు, పురీషనాళ క్యాన్సరు ఉన్నవారు గణనీయంగా కనిపిస్తారు. కనుక ‘ఈ వయసులో క్యాన్సరేమిటి’ అని తోసిపుచ్చరాదు.

చరిత్రలో కొన్ని మైలురాళ్ళు

సుశ్రుత సంహితలో మొలలకు, భగందరానికి క్షారచికిత్స చెప్పబడింది. తెగిన పేగు అంచులను నల్లచీమలతో కరిపించి, తలలను మాత్రం ఉంచి అతికించే విధానం కూడా అందులో ఉంది. లండన్‌లో ఫ్రెడరిక్ సామన్ 1835లో స్థాపించిన చిన్న వైద్యశాల తరువాతి కాలంలో సెయింట్ మార్క్స్ ఆసుపత్రిగా ఈ శాఖకు పేరెన్నికగన్న కేంద్రమైంది. 1908లో ఎర్నెస్ట్ మైల్స్ పొట్టవైపు నుంచి, ఆసనం వైపు నుంచి కూడా కోసి పురీషనాళాన్ని పూర్తిగా తొలగించే పద్ధతిని ప్రకటించాడు. దాని పర్యవసానం జీవితాంతం పొట్టమీద మలమార్గం. 1921లో ఫ్రాన్సు దేశస్థుడు ఆన్రీ హార్ట్‌మన్ వ్యాధిభాగాన్ని తీసి, కింది కొనను మూసి, పై కొనను పొట్టమీదికి తెచ్చే పద్ధతిని వివరించాడు. అత్యవసర సమయాల్లో అది నేటికీ అనుసరింపబడుతోంది. 1932లో కథ్‌బర్ట్ డ్యూక్స్ పురీషనాళ క్యాన్సరును అది గోడలో ఎంత లోతుకు వెళ్ళిందన్న దానినిబట్టి దశలుగా విభజించాడు.

1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన బిల్ హీల్డ్, పురీషనాళాన్ని చుట్టి ఉండే కొవ్వుపొరను చిరగకుండా మొత్తంగా తీసివేయాలని ప్రతిపాదించాడు. అంతవరకు ఎందరికో అదే చోట తిరిగి తలెత్తిన వ్యాధి ఈ పద్ధతితో బాగా తగ్గింది. 1991లో అమెరికాలో ల్యాప్రోస్కోపీతో పెద్దపేగు శస్త్రచికిత్స చేసినట్లు తొలి నివేదికలు వెలువడ్డాయి. 1990వ దశకంలో డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కేలెట్, శస్త్రచికిత్స తరువాతి సంరక్షణనే మార్చి రోగిని త్వరగా ఇంటికి పంపవచ్చునని నిరూపించాడు. ఈ రోజు ‘ఈరాస్’ అని పిలువబడే విధానానికి మూలం అదే.

శస్త్రచికిత్సల్లో రకాలు

వ్యాధి ఎక్కడ ఉన్నదన్న దానినిబట్టి కుడి సగాన్నో, ఎడమ సగాన్నో, సిగ్మాయిడ్‌నో తొలగించి రెండు కొనలను అతుకుతారు. పురీషనాళం పైభాగంలో వ్యాధి ఉంటే దానిని తీసి పెద్దపేగును కిందికి దించి అతుకుతారు. ఆసన కండరాల దాకా వ్యాధి పాకితే మైల్స్ పద్ధతి తప్పనిసరి. క్యాన్సరు అయినప్పుడు పేగుతోపాటు దానికి రక్తం అందించే నాళాలను, లింఫు గ్రంథులను కలిపి తీస్తారు. దశను నిశ్చయించడానికి కనీసం 12 గ్రంథులను సూక్ష్మదర్శినితో పరీక్షించాలన్నది అంగీకృత ప్రమాణం.

కొన్ని పురీషనాళ క్యాన్సర్లకు ముందుగా రేడియేషన్, కీమోథెరపీ ఇచ్చి కణితిని కుదిస్తారు. వీరిలో కొందరికి కణితి పూర్తిగా కరిగిపోతుంది. అటువంటివారిని కోయకుండా, గడువుల ప్రకారం పరీక్షిస్తూ కనిపెట్టి ఉండవచ్చునని బ్రెజిల్ వైద్యురాలు ఏంజెలిటా హాబర్-గామా చూపారు. ఇది పరీక్షలకు తప్పక హాజరు కాగలవారికే తగినది.

రోగికి సంబంధించిన అంశాలు

1. సమయం: ముందుగా నిర్ణయించుకొని చేసే శస్త్రచికిత్సకన్న, పేగు మూసుకుపోయి లేదా చిల్లుపడి అర్ధరాత్రి చేసే శస్త్రచికిత్సలో ప్రాణాపాయం అనేక రెట్లు ఎక్కువ. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఏడాదిపాటు రక్తస్రావాన్ని మొలలని భావించి లేపనాలతో కాలం గడిపాడు. చివరకు పొట్ట ఉబ్బి, వాంతులతో ఆసుపత్రికి చేరినప్పుడు పేగు పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆరు నెలల ముందు వెళ్ళి ఉంటే పగటిపూట, తగిన సన్నాహంతో జరగవలసిన పని అది.

2. రక్తహీనత: కుడివైపు కణితులు కంటికి కనబడకుండా రక్తం స్రవిస్తాయి. హిమోగ్లోబిన్ పురుషుల్లో 13, స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. వ్యవధి ఉంటే ఇనుమును మాత్రలుగానో, నరం ద్వారానో ఇచ్చి సరిచేస్తారు. నడివయసు దాటినవారిలో కారణం తెలియని రక్తహీనత ఉంటే పెద్దపేగును పరీక్షించడం అవసరం.

3. పోషణ: ఆరు నెలల్లో శరీర బరువులో నూటికి పది వంతులకు మించి తగ్గినవారికి గాయం మానడం ఆలస్యమవుతుంది. గుడ్లు, పాలు, పప్పులు, చేపలు వంటి మాంసకృత్తులున్న ఆహారం శస్త్రచికిత్సకు ముందు రెండు, మూడు వారాలైనా పెంచాలి. ‘ఆపరేషనుకు ముందు పథ్యం’ పేరిట గంజితో సరిపెట్టడం హానికరం.

4. పొగ, మద్యం: బీడీ, సిగరెట్టు, చుట్ట మానినవారికి ఊపిరితిత్తుల చిక్కులు, గాయపు చీము, అతుకు విడిపోవడం తగ్గుతాయి. కనీసం నాలుగు వారాల ముందు మానడం మేలు. మద్యానికి కూడా ఇదే నియమం.

5. మధుమేహం: రక్తంలో చక్కెర అదుపు తప్పితే చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో మత్తుమందు వైద్యుడే చెప్పాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతిని దాచరాదు.

6. వయస్సు: వయస్సు ఒక్కటే అడ్డంకి కాదు. తన పనులు తాను చేసుకుంటూ, మెట్లు ఎక్కగలిగిన 75 ఏళ్ళ వృద్ధుడు, కదలలేని 60 ఏళ్ళవానికన్న బాగా కోలుకోగలడు. శారీరక దార్ఢ్యమే అసలు కొలబద్ద.

ముందుగా దేహాన్ని సిద్ధం చేయడం ఎంతటి ప్రభావం చూపుతుందో 2023లో ప్రకటింపబడిన ఒక ఐరోపా పరిశోధన తెలిపింది. శస్త్రచికిత్సకు ముందు నాలుగు వారాలు వ్యాయామం, పోషకాహారం, మానసిక ధైర్యం, పొగ మానడానికి సాయం పొందినవారిలో తీవ్రమైన చిక్కులు నూటికి సుమారు 17 మందికి రాగా, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో సుమారు 30 మందికి వచ్చాయి.

శస్త్రచికిత్సకు సంబంధించిన అంశాలు

వైద్యుని అనుభవం, ఆసుపత్రిలో ఏటా జరిగే ఇటువంటి శస్త్రచికిత్సల సంఖ్య ఫలితంపై ప్రభావం చూపుతాయి. ఇది పురీషనాళం విషయంలో మరీ ఎక్కువ. కటివలయం ఇరుకైన ప్రదేశం. అక్కడే మూత్రాశయానికి, జననాంగాలకు వెళ్ళే సన్నని నరాలు ఉంటాయి. అవి దెబ్బతింటే మూత్రవిసర్జనలో, దాంపత్య జీవితంలో ఇబ్బందులు రావచ్చు. ఈ విషయాన్ని ముందే అడిగి తెలుసుకోవడంలో సిగ్గుపడవలసినది లేదు.

పెద్దపేగు క్యాన్సరులో ల్యాప్రోస్కోపీ పద్ధతి వ్యాధి తిరగబెట్టకుండా చూడటంలో పొట్ట కోసే పద్ధతికి తీసిపోదని 2004లో అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. గాయం చిన్నది కనుక నొప్పి తక్కువ, ఇంటికి చేరడం త్వరగా. అయితే అందరికీ అది అనువు కాదు. కోత పెద్దదా, చిన్నదా అన్న దానికన్న లోపల పని సక్రమంగా జరిగిందా అన్నదే ప్రధానం.

చిన్నవిగా కనబడే కొన్ని జాగ్రత్తలు పెద్ద మేలు చేస్తాయి. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వడం, పేగు శుభ్రపరచే మందుతోపాటు నోటి ద్వారా కూడా యాంటీబయాటిక్ ఇవ్వడం, వెంట్రుకలను బ్లేడుతో గీయక కత్తిరించడం, శస్త్రచికిత్స గదిలో రోగి శరీరం చల్లబడకుండా చూడటం అటువంటివే.

అతుకు విడిపోవడం

ఈ శస్త్రచికిత్సలో అందరూ భయపడే చిక్కు ఇదే. కలిపిన రెండు కొనలు సరిగా అతుక్కోక మలం పొట్టలోకి కారుతుంది. పెద్దపేగు అతుకుల్లో ఇది నూటికి కొద్దిమందికే జరుగుతుంది. ఆసనానికి దగ్గరగా వేసిన అతుకుల్లో సుమారు పదిమందికి, కొన్నిచోట్ల అంతకు మించి జరుగుతుంది. రక్తప్రసరణ చాలకపోవడం, అతుకు మీద లాగుడు, పోషణ లోపం, పొగ అలవాటు, ముందు తీసుకున్న రేడియేషన్ దీనికి దారితీస్తాయి. చాలావరకు మొదటి వారంలోనే బయటపడుతుంది. బాగా కోలుకుంటున్న రోగికి ఉన్నట్టుండి జ్వరం రావడం, నాడి వేగం పెరగడం, పొట్ట ఉబ్బడం, నొప్పి ఎక్కువకావడం, మనసు తికమకపడటం దీనికి సూచనలు. త్వరగా గుర్తిస్తే చికిత్స సాధ్యం. ఆలస్యమైతే ప్రాణాంతకం.

త్వరగా కోలుకునే విధానం

పూర్వం ముందురోజు రాత్రి నుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఉంచేవారు. తరువాత అపానవాయువు వెలువడే దాకా నోటికి ఏదీ ఇచ్చేవారు కాదు. ముక్కులో గొట్టం, మంచంమీద విశ్రాంతి పది రోజులదాకా సాగేవి. ఇప్పటి విధానం దీనికి దాదాపు వ్యతిరేకం. ఘనాహారం ఆరు గంటల ముందు, తేట ద్రవాలు రెండు గంటల ముందు ఆపితే చాలు. పేగు మూసుకుపోయినవారికి, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యేవారికి మాత్రం నియమం వేరు. ముక్కు గొట్టాన్ని అవసరముంటేనే ఉంచుతారు. శస్త్రచికిత్స జరిగిన 24 గంటల లోపలే ద్రవాలు, సహించినంత మేర మెత్తని ఆహారం ఇస్తారు. సెలైన్ అవసరానికి మించి ఎక్కిస్తే పేగు ఉబ్బి కదలిక మందగిస్తుంది కనుక దానినీ కొలత ప్రకారమే ఇస్తారు. మార్ఫిన్ వంటి మందులు పేగు కదలికను మందగింపజేస్తాయి. అందుచేత ఇతర నొప్పిమందులను కలిపి వాడి, వాటి మోతాదు తగ్గిస్తారు.

శస్త్రచికిత్స జరిగిన రోజునో, మరునాడో రోగిని కూర్చోబెట్టి నడిపిస్తారు. ‘కుట్లు ఊడిపోతాయి’ అని బంధువులు వారిస్తుంటారు. అది సరి కాదు. నడక వల్ల ఊపిరితిత్తుల్లో కఫం చేరదు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టదు. క్యాన్సరు రోగులకు గడ్డలు రాకుండా ఇచ్చే సూదిమందును నాలుగు వారాల వరకు కొనసాగించవలసి రావచ్చు. దానిని ఇంటికి రాగానే మానేయరాదు.

స్టోమా – సంచితో జీవితం

పొట్టమీద తెరిచిన మలమార్గాన్ని స్టోమా అంటారు. కొందరికి ఇది తాత్కాలికం. కింది అతుకు మానేదాకా చిన్నపేగు కొసను బయటికి తెచ్చి, సాధారణంగా రెండు, మూడు నెలల తరువాత తిరిగి లోపలికి పంపుతారు. మైల్స్ పద్ధతిలో ఇది శాశ్వతం. ఎర్రగా, తడిగా ఉండటం ఆరోగ్యలక్షణం. దానికి స్పర్శజ్ఞానం లేదు. రంగు నల్లబడితే వెంటనే వైద్యునికి చూపాలి. సంచి రంధ్రాన్ని స్టోమా కొలతకు సరిపడా కత్తిరించాలి. ఎక్కువ కత్తిరిస్తే మలం తగిలి చర్మం ఒరుస్తుంది.

చిన్నపేగు స్టోమా ఉన్నవారికి ఎండాకాలం పరీక్షాకాలం. రోజుకు ఒకటిన్నర లీటరుకు మించి ద్రవం పోతుంటే శరీరం ఎండిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మామూలు నీళ్ళు ఎంత తాగినా చాలవు. ఓఆర్ఎస్ ద్రావణం తాగుతూ వైద్యుని సంప్రదించాలి. అన్నం, అరటిపండు, పెరుగు ద్రవాన్ని చిక్కబరుస్తాయి.

ఇందాక పేర్కొన్న పెద్దాయన ప్రాణంతో బయటపడ్డాడు. కాని సంచి కారణంగా పెళ్ళికీ, పేరంటానికీ, గుడికీ వెళ్ళడం మానుకున్నాడు. బరువు తగ్గింది, మాట తగ్గింది. పేగుకన్న మనసు ఆలస్యంగా కోలుకున్నది. సంచి సరిగా అమరితే వాసన రాదు, బట్టల కింద కనబడదు. స్నానం, ప్రయాణం, పొలం పని, బడిపని, దాంపత్యం అన్నీ సాధ్యమే. ఈ మాటను కుటుంబమే ముందుగా నమ్మాలి.

ఇంటికి వచ్చాక

సుమారు ఆరు వారాలు నీళ్ళ బిందెలు, బస్తాలు వంటి బరువులు ఎత్తరాదు. ఎత్తితే కోత దగ్గర హెర్నియా ఏర్పడవచ్చు. పురీషనాళం కొంత తీసివేసినవారికి రోజుకు అనేకసార్లు, ఆగలేనంత తొందరతో మలవిసర్జన కావచ్చు. ఇది నెలల మీద కొంత సర్దుకుంటుంది. ఆహారంలో మార్పులు, మందులు, కటి కండరాల వ్యాయామం తోడ్పడతాయి. క్యాన్సరు దశనుబట్టి కీమోథెరపీ అవసరమైతే రెండు నెలలు మించకుండా ఆరంభించడం మంచిది. తరువాత అయిదేళ్ళపాటు రక్తపరీక్షలు, స్కానింగు, కొలనోస్కోపీ వైద్యుడు చెప్పిన గడువుల్లో జరగాలి.

2025లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన మరొక మంచి వార్త చెప్పింది. పెద్దపేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగించిన 889 మందిలో సగం మందికి మూడేళ్ళు పర్యవేక్షణతో వ్యాయామం చేయించారు. అయిదేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు వ్యాయామం చేసినవారిలో నూటికి 80 మంది కాగా, కేవలం సలహా పుస్తకం అందుకున్నవారిలో 74 మంది. చురుకైన నడకకు ఖర్చు లేదు.

భాష కూడా ఒక అంశమే

సరిహద్దు జిల్లాల తెలుగువారు వైద్యం కోసం వేలూరు, బెంగళూరు, పుదుచ్చేరి, ముంబయి, బ్రహ్మపురం వంటి చోట్లకు వెళ్తుంటారు. డిశ్చార్జి కాగితం ఆంగ్లంలోనో, ఆ రాష్ట్ర భాషలోనో ఉంటుంది. ఇంట్లో ఒండే ఇల్లాలికి, సూది వేయించవలసిన కొడుకుకు అది చదవరాకపోతే మంచి శస్త్రచికిత్స కూడా చెడిపోగలదు. మా పెద్దాయన కాగితంలోని మందుల వేళలను, ప్రమాద సూచనలను నేను ఒక తెల్లకాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి గోడకు అంటించాను. రెండోసారి ద్రవం అధికంగా పోయినప్పుడు ఆ ఇంటి కోడలు ఆ కాగితం చూసే సమయానికి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. రెండు భాషలు చదవగలిగిన ప్రతి ఒక్కరూ చేయగల సేవ ఇది.

శస్త్రచికిత్సకు ముందు ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకోవాలి. వ్యాధి ఏ దశలో ఉన్నది? స్టోమా అవసరమా, అయితే తాత్కాలికమా, శాశ్వతమా? ఈ ఆసుపత్రిలో ఇటువంటివి ఎన్ని చేస్తుంటారు? ఏ మందులు ఎప్పుడు ఆపాలి? ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందా, మన రేషను కార్డు ఏ రాష్ట్రానిది కావాలి? ఇంటికి వెళ్ళాక ఏ లక్షణాలు కనబడితే వెంటనే రావాలి, రాత్రివేళ ఏ నంబరుకు ఫోను చేయాలి?

జ్వరం, ఆగని వాంతులు, పెరిగే పొట్టనొప్పి, గాయం నుంచి చీము, ఒక కాలు మాత్రమే వాయడం, ఊపిరి అందకపోవడం వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగరాదు. ఈ వ్యాసం అవగాహన కోసమే గాని వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కాదు. మలంలో రక్తం కనబడినవారు మొదట చేయవలసిన పని మాత్రం ఒక్కటే. అది మొలలేనని తామే తీర్మానించుకోక, వైద్యుని చేత పరీక్ష చేయించుకోవడం.